విజయనగరంలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్: శనివారం డిబేట్ కోసమైనా చేరండి

విజయనగరంలో ఐఈఎల్‌టీఎస్‌కి (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) ఎక్కడ చేరితే మంచిదని మా హాస్పిటల్లో జూనియర్లు తరచూ అడుగుతున్నారు. డ్యూటీ మధ్యలో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను స్టాఫ్ నర్సుని. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం విజయనగరంలో. యూకేలో నర్సుగా చేరాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో కనీసం 6.5 చూపించాలి. ఆ స్కోరు కోసమే చేరాను. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో, మేడ మీద రెండు గదుల్లో నడుస్తోంది ఈ కోచింగ్. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నా ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు ఇక్కడ పెట్టడం లేదు. కావలసినవాళ్లు విడిగా అడిగితే చెప్తాను.

ముందు సౌకర్యాలు. ఫీజు ₹9,000, రెండు విడతల్లో కట్టొచ్చు. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఆరింటికి ఒకటి. డ్యూటీ మారినప్పుడు బ్యాచ్ మార్చుకోనిస్తారు, విసుక్కోరు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇది పెద్ద సాయం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ఏసీ నడవదు, ఎండాకాలం ఆ గదిలో కూర్చోవడం కష్టమే. లిజనింగ్‌కి ఇచ్చే హెడ్‌ఫోన్లలో కొన్ని ఒక చెవికే వినిపిస్తాయి, మీవి మీరు పట్టుకెళ్లండి. ఆడపిల్లలకి విడిగా బాత్రూమ్ ఉంది, శుభ్రంగా ఉంటుంది. రీడింగ్, లిజనింగ్ క్లాసులు ఫర్వాలేదు. పేపర్లు పెడతారు, దిద్దుతారు. ఆ పని ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

ఈ కోచింగ్‌కి డబ్బు పెట్టవలసింది శనివారం సాయంత్రం జరిగే డిబేట్ కోసం.

స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మొదట మీ ఊరు, మీ పని గురించి అడుగుతారు. తర్వాత ఒక కార్డు ఇచ్చి, నిమిషం సేపు ఆలోచించుకోనిచ్చి మాట్లాడమంటారు. మనవాళ్లు తడబడేది మూడో భాగంలో. చదువు, పర్యావరణం, వలసలు లాంటి పెద్ద విషయాల మీద ఎగ్జామినర్ "ఎందుకు?", "అందరికీ అంతేనా?", "పూర్వం ఎలా ఉండేది?" అని తవ్వుతూ పోతారు. బట్టీ పట్టిన జవాబు అక్కడ పనికిరాదు. ఇక్కడ స్పీకింగ్ చెప్పే సార్ చాలా ఏళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చినవారు. ఆ మూడో భాగం కోసమే ఆయన డిబేట్ పెడతారు. ఏ పక్షం మాట్లాడాలో చీటీలు తీయిస్తారు, ఏది వస్తే దానికే కట్టుబడాలి.

మా బ్యాచ్‌కి ఇచ్చిన అంశం: వలస వచ్చినవాళ్ల వల్ల ఒక దేశానికి మేలు ఎక్కువా, కీడు ఎక్కువా, అప్పుడూ ఇప్పుడూ? నాకు "కీడు" చీటీ వచ్చింది. పరాయి దేశంలో ఉద్యోగం కోసం ఫీజు కట్టి కూర్చున్న మనిషికి ఆ పక్షం మింగుడుపడదు. మార్చమని అడిగాను. సార్ ఒప్పుకోలేదు.

డిబేట్‌కి ముందు రెండు జిరాక్స్ కాగితాలు పంచారు. వలసదారులు ఖాళీ ఉద్యోగాలు నింపుతారు, పన్నులు కడతారు, కొత్త వంటలు తెస్తారని ఒక కాగితం. ఇళ్ల అద్దెలు పెరుగుతాయి, బళ్లు, ఆస్పత్రులు కిక్కిరిసిపోతాయి, సంస్కృతి మారిపోతుందని ఇంకొకటి. ఒక ఊరి పేరు లేదు, ఒక సంవత్సరం లేదు. కాసేపట్లోనే అందరం అవే మాటలు అటూ ఇటూ తిప్పి చెప్పేశాం. అప్పుడు సార్ కాగితాలు బోర్లా పెట్టించి, "శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు వలస గురించి జిరాక్స్ చూసి మాట్లాడడమేంటమ్మా? మీ ఇళ్లలో ఊసులు చెప్పండి" అన్నారు. ఈ రివ్యూలో నేనిచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క పనికే.

మా అమ్మమ్మ వాళ్ల నాన్న భీమిలిలో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లాడు. బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఆయన పంపిన మనియార్డర్లతో కొన్న పల్లం భూమిని ఇప్పటికీ మా మేనమామ చేస్తున్నాడు. ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పుకున్నా మనవాళ్ల కష్టం గురించే చెప్పుకుంటాం. "రంగం ఎల్లినోడు మళ్లీ గుమ్మంలోకొచ్చేదాకా నమ్మకం నేదు" అని అమ్మమ్మ అంటుండేది. చీటీ వల్ల నాకు అదే కథ బర్మావాళ్ల గుమ్మంలో నిలబడి చెప్పవలసి వచ్చింది. సార్ ఆ అంశాన్నే తర్వాతి శనివారానికీ పొడిగించి, చదువుకుని రమ్మన్నారు. మా అన్నయ్య డిగ్రీ హిస్టరీ పుస్తకాలతో మొదలుపెట్టి దొరికినవన్నీ చదివాను.

1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కాక ఐరావతి డెల్టాలో అడవి కొట్టించి వరి వేయించారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఆ బియ్యానికి యూరప్ దగ్గరైంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసింది బర్మానే. ఆ పని చేయడానికి మనుషులు కావాలి. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి మనవాళ్లు వెళ్లారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చి, టికెట్టు తీసి పట్టుకుపోయేవాడు. అక్కడ కూలిలోంచి ఆ అప్పు, పైన తన వాటా కోసుకునేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. దేశం మొత్తం మీద నూటికి ఏడుగురు. రంగూన్ నగరంలో మాత్రం సగానికి పైగా మనవాళ్లే. తమ ముఖ్య నగరంలో తామే తక్కువమంది అయిపోతే ఎవరికైనా ఎలా ఉంటుంది?

నా ఎదుటి పక్షంలో పలాస తమ్ముడు ఒకడున్నాడు, వాళ్ల అన్న కువైట్‌లో ఉంటాడు. వాడు వెంటనే, "ఆ కూలీలు వెళ్లకపోతే అంత రేవు, అన్ని మిల్లులు ఎవరు నడిపేవారక్కా? దేశం బాగుపడింది కదా" అన్నాడు. మంచి ప్రశ్న. నేను పట్టుకున్న జవాబు కూడా అక్కడే ఉంది. బియ్యం వ్యాపారం పెద్దవాటా యూరోపియన్ కంపెనీలది. రైతుకి పెట్టుబడి పెట్టింది చెట్టియార్లు, తమిళ వడ్డీ వ్యాపారులు. 1930ల మాంద్యంలో వడ్ల ధర పడిపోయి అప్పులు తీర్చలేక రైతులు భూములు వదులుకుంటే, ఆ దశాబ్దం చివరికి డెల్టా వరి జిల్లాల్లో దాదాపు పావు వంతు సాగుభూమి చెట్టియార్ల పేర్న చేరింది. ఎగుమతి లెక్కల్లో దేశం వెలిగిపోయింది. దున్నేవాడికి పొలం పోయింది. దేశం బాగుపడిందంటే వీళ్లలో ఎవరిని చూసి అనాలి?

1930 మే నెలలో జరిగింది చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎక్కించి దింపించే స్టీవ్‌డోర్ కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తేలిపోయి తెలుగువాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోగానే, బర్మావాళ్లను పొమ్మన్నారు. పని మీద నమ్మకంతో పొద్దున్నే వచ్చినవాళ్లు రేవులో మనవాళ్లను చూశారు. గొడవ అక్కడ మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే. ఒకరి మీదికి ఒకరిని తోసింది కంపెనీలు, దెబ్బలు తిన్నది కూలీలు.

ఆ తర్వాతివి త్వరగా చెప్తాను. 1937లో బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడిచి అస్సాం, చిట్టగాంగ్ వైపు వచ్చారు. వేలమంది దారిలోనే కలరాతో, ఆకలితో పోయారు. మా ముత్తాత ఆ నడకలో బతికి వచ్చినవాడు. బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాల్ కరువుకి ఒక కారణమైంది. 1962లో బర్మా సైన్యాధిపతి నె విన్ అధికారం పట్టుకున్నాక, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు సైతం కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. 1982 పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచి ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వమంది. ఆ గీతకి బయట పడ్డ రోహింగ్యాలు 2017లో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. అందరినీ వెళ్లగొట్టాక బర్మా బియ్యం ఎగుమతిలో మళ్లీ ఆ మొదటి స్థానానికి రాలేదు. కీడు పక్షంలో ఉండి కూడా ఈ చివరి మాట చెప్పాను. అడ్డం తిరిగినా నిజం నిజమే కదా.

ఇప్పటి సంగతుల్లోకి వచ్చాక చర్చ ఇంకా వేడెక్కింది. రైటింగ్ చెప్పే మేడమ్ కూడా వచ్చి కూర్చున్నారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు పని చేసి మానేసిన అన్నయ్య ఒకాయన లేచి, "బీహార్ నుంచి, ఒడిశా నుంచి కుర్రాళ్లు తక్కువకి వచ్చేస్తున్నారు, మాకు రేటు ఎవడిస్తాడు?" అన్నారు. ఒకే దేశంలో మనుషులే అయినా ఆయన బాధ నిజం. మేడమ్ దానికి మయామీ ఉదాహరణ ఇచ్చారు. 1980లో క్యూబా నుంచి లక్షా పాతికవేలమంది కొన్ని నెలల్లోనే అమెరికా చేరారు, చాలామంది మయామీలోనే ఉండిపోయి అక్కడి పనివాళ్ల సంఖ్య ఒక్కసారి ఏడు శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త 1990లో లెక్కలు తీసి, స్థానికుల కూలి రేట్లు పడినట్టు కనిపించడం లేదన్నారు. తర్వాత జార్జ్ బోర్హాస్ అవే లెక్కలు హైస్కూలు చదువు కూడా పూర్తికానివాళ్లకి మాత్రం విడదీసి చూసి, వాళ్ల జీతాలు బాగా పడ్డాయన్నారు. ఆ ఇద్దరి వాదం ఇంకా తెగలేదు. అయితే సగటు చూస్తే ఒకటి, అడుగున ఉన్నవాడిని చూస్తే ఇంకొకటి కనపడొచ్చన్నది పైడిభీమవరం అన్నయ్యకి వెంటనే ఎక్కింది. మా అందరికీ కూడా.

పాతపట్నం అక్క తెచ్చిన ఉదాహరణ నాకు బాగా నచ్చింది. పర్లాకిమిడి దాటి పోతే ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి ఉంది. దలైలామా 1959లో ఇండియాకి వచ్చాక, 1963లో అక్కడ టిబెటన్ శరణార్థులకి ప్రభుత్వం ఊరు కట్టించి భూమి ఇచ్చింది. మొక్కజొన్న వేస్తారు, చలికాలం రాగానే ఊళ్లు తిరిగి స్వెట్టర్లు అమ్ముతారు. అక్కడికి దగ్గర్లో జిరంగలో వాళ్లు కట్టుకున్న పెద్ద బౌద్ధారామాన్ని 2010లో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. ఇప్పుడు మనవాళ్లు ఆదివారం కార్లేసుకుని చూసొస్తున్నారు. అరవై ఏళ్లుగా పక్కనే ఉన్న పరాయి దేశంవాళ్ల గురించి మనలో ఎవరూ భయపడి మాట్లాడింది నేను వినలేదు. వాళ్లు ఎక్కడుండాలి, ఏం చేసుకు బతకాలి అన్నది ముందే ప్రభుత్వం తేల్చింది. రేవులో కూలికి కూలీని పోటీ పెట్టినట్టు ఎవరూ పెట్టలేదు. సార్ మాత్రం వదల్లేదు. "ఆ భూమి అంతకు ముందు ఎవరు వాడుకునేవారో అది కూడా అడగాలమ్మా" అన్నారు. ఆయన క్లాసు ఇలాగే ఉంటుంది, ఏ జవాబు దగ్గరా కుదురుగా కూర్చోనివ్వరు.

ఇంగ్లండ్ సంగతి నేనే చెప్పాను, నేను వెళ్లాలనుకునే దేశం కాబట్టి. 1948 జూన్ 22న విండ్‌రష్ ఓడ కరీబియన్ నుంచి మనుషులను దింపింది, జులై 5న వాళ్ల ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. ఆ ఆస్పత్రులు తొలి నుంచీ బయటివాళ్ల చేతుల మీద నడిచాయి. 1960 నుంచి 1963 దాకా ఆరోగ్య మంత్రిగా ఉన్న ఈనాక్ పావెల్, 1968లో వలసలకి వ్యతిరేకంగా ఆ దేశం ఇప్పటికీ మరిచిపోని ప్రసంగం చేశాడు. 2024 మార్చి నుంచి కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదన్నారు, 2025 జులైలో బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ముసలివాళ్లకి ఒళ్లు తుడిచే మనిషి కావాలి, ఆ మనిషి పిల్లలు మాత్రం వద్దు. ఒక నర్సుగా ఈ మాట చెప్తుంటే నా గొంతు వణికింది.

డిబేట్‌లో ఎవరూ తీయని ఒక సంగతిని కోచింగ్‌వాళ్లు వచ్చే బ్యాచ్‌లోనైనా చేర్చాలి. వలస ప్రభావం చేరుకునే దేశం మీదే కాదు, వదిలి వచ్చే ఊరి మీద కూడా ఉంటుంది. యూకే ఒకప్పుడు, 2000ల్లో, నర్సులను వెతికి తీసుకోకూడని ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్‌ని కూడా పెట్టింది, ఒడిశా, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌తో పాటు. ఇప్పుడు ఆ అడ్డు లేదు, అందుకే నేను వెళ్లగలుగుతున్నాను. నేను వెళ్లాక మా వార్డులో నైట్ డ్యూటీ ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు, ఆ అమ్మాయి ఇప్పటికే డబుల్ డ్యూటీలు చేస్తోంది. ఆ రెండు జిరాక్స్ కాగితాల్లో దీనికి ఒక్క లైనైనా ఉండాలి.

రైటింగ్ గురించి. రెండో టాస్కులో కనీసం 250 పదాలు రాయాలి, నలభై నిమిషాలు పెట్టుకోమంటారు. మొదటి టాస్కు కన్నా దీనికి రెట్టింపు మార్కులు. డిబేట్ అయ్యాక అదే అంశం మీద వ్యాసం రాయిస్తారు. వలసల వల్ల దేశానికి లాభమని నేను రాసిన వాక్యం చుట్టూ మేడమ్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "దేశంలో ఎవరికి? ఎప్పుడు?" అని రాశారు. పేజీ మొత్తం మీద ఉన్న దిద్దుబాటు అంతే. గ్రామర్ తప్పులు రెండున్నా వాటి జోలికి పోలేదు. ఆ కాగితం మళ్లీ రాశాక నా వ్యాసం మారిపోయింది. మిల్లు యజమాని, వడ్డీ వ్యాపారి, రైతు, కూలీ నలుగురూ నాలుగు పేరాల్లో వచ్చారు, మార్కూ పెరిగింది. లోటేంటంటే, కాగితాలు తిరిగి చేతికి రావడం బాగా ఆలస్యం. మేడమ్ ఒక్కరే అన్ని బ్యాచ్‌లకీ దిద్దుతారు. ఇంకొకరిని పెట్టుకోవాలి.

ఇక ఫిర్యాదు. ఫ్రంట్ డెస్క్‌లో చేరిన రోజు నుంచీ ఒక వీసా కన్సల్టెన్సీ గురించి చెవిలో పోరు. వాళ్లతో వీళ్లకి టై-అప్ ఉందట. నన్ను కూర్చోబెట్టి, యూకే నర్సు ఉద్యోగం "ప్యాకేజీ" రెండున్నర లక్షలన్నారు, సగం ముందే కట్టాలన్నారు. ఇది తప్పు. విదేశీ నర్సుల నియామకాలకి యూకే ప్రభుత్వం పెట్టుకున్న నియమావళి ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఏజెన్సీ డబ్బు తీసుకోకూడదు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకైతే మన దేశపు నిబంధనల్లో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గది గరిష్ఠంగా ₹30,000, పైన జీఎస్టీ. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. పక్క గదిలో సార్ మేస్త్రీ అడ్వాన్సుల గురించి అంత బాగా చెప్పిస్తుంటే, ముందు గదిలో కొత్త మేస్త్రీకి కుర్చీ వేయడం నాకు చాలా కోపం తెప్పించింది. ఆ మాట సార్‌తోనే చెప్పాను. డెస్క్ తన చేతిలో లేదన్నారు. అప్పు చేసి వెళ్లిన మనిషి అక్కడ జీతం తగ్గించినా, డ్యూటీలు పెంచినా నోరెత్తే వీలుండదు. స్థానికులు ఆ మనిషినే చూసి "మా రేటు పాడుచేసింది" అంటారు. ఆ డెస్క్ దగ్గర సంతకం పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఎవరు చేరొచ్చంటే, ఇంగ్లీషు చదవడం, రాయడం ఒక మోస్తరుగా వచ్చి, నోరు పెగలనివాళ్లు తప్పకుండా చేరండి. వ్యాకరణం మొదటి నుంచీ నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇక్కడ స్పీడు ఎక్కువ. ఓఈటీ (వైద్యరంగంవాళ్ల కోసం ఉన్న వేరే ఇంగ్లీషు పరీక్ష) రాయాలనుకునే నర్సులు చేరొద్దు, ఆ మెటీరియల్ వీళ్ల దగ్గర లేదు. చేరేముందు శనివారం సాయంత్రం వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటానని అడగండి, ఫీజు కట్టకపోయినా ఒకసారికి ఒప్పుకుంటారు. చీపురుపల్లి, బొబ్బిలి వైపు ఆడపిల్లలు ముందే చెప్తే మీ చీటీ త్వరగా పిలిచి పంపించేస్తారు, బస్సు దొరుకుతుంది.